కురుని తల్లి, నిగమశర్మ అక్క

తెనాలినుండి రేపల్లెకు పోవు రైలుదారి పొడవైనది కాదు. ఇరుప్రక్కల వరిచేలు, నడుమ నడుమ కాలువలు, కాలువగట్లమీద తాడిచెట్లు. వేమూరు దాటిన పిమ్మట భట్టిప్రోలు స్టేషను వచ్చును. అచట దిగువారు తమ పనులమీద దిగుదురు. దిగనివారు రేపల్లె యింకెంత దూరమని లెక్క వేసికొందురు. ఆ యూర నొక యిటుకదిబ్బ కలదనియు, ఆ దిబ్బ గర్భమున దొరికిన రాతిపెట్టెలమీద దక్షిణదేశమున మిక్కిలి ప్రాచీనములైన అక్షరములు కొన్ని కలవనియు చాలమంది వినియుందురు. కాని ఆ యక్షరములు ఏమి చెప్పుచున్నవని అడుగువారు అరుదు. అవి యుద్ధములను చెప్పుటలేదు; విజయములను చెప్పుటలేదు. ఒక యింటివారు కలసి యొక పెట్టెను చేయించిరని చెప్పుచున్నవి.

కళ యనగానే మనకు నాట్యశాల, చట్రములో బిగించిన చిత్రపటము, బిరుదులందిన గాయకుని కచేరి స్ఫురించును. వాకిట పెట్టిన ముగ్గు, గుమ్మమునకు అల్లిన తోరణము, దీపమునకు చేసిన వత్తి స్ఫురింపవు. అవి కళలు, ఇవి యింటిపనులు అని మనము నడుమ నొక గీత గీసికొంటిమి. తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణముల నడుమనున్న నేల చరిత్రమును పరిశీలించినచో ఆ గీత మన పూర్వులు గీసినది కాదని తోచును. వారి దృష్టిలో నిత్యజీవితమున శ్రద్ధతో చేసిన చిన్నపనియే కళకు మొదలు. ఆ శ్రద్ధకు మూలము భక్తి. ఈ మాటకు సాక్ష్యములను ఆ ప్రాంతమునుండియే చూపవచ్చును.

మొదటి సాక్ష్యము భట్టిప్రోలు. నేడు బాపట్ల జిల్లాలో రేపల్లెకు సమీపముననున్న ఈ గ్రామమున బౌద్ధుల మహాస్తూపమొకటి యుండెను. దాని పీఠపు వ్యాసము సుమారు 148 అడుగులు. పైనున్న అండపు వ్యాసము సుమారు 132 అడుగులు. 1892లో పురావస్తుశాఖకు చెందిన అలెగ్జాండరు రే ఆ స్తూపగర్భమును త్రవ్వించెను. అందులో మూడు శిలాపేటికలు బయల్పడెను. పేటికలలో స్ఫటికపు భరిణెలు, వానితోపాటు బంగారు పూవులు, పూసలు, ముత్యములు ఉండెను. పేటికలమీద ప్రాకృతభాషలో శాసనములు చెక్కబడియుండెను. వానిని జర్మను పండితుడైన బ్యూలర్ పరిష్కరించి 1894లో ప్రకటించెను. క్రీస్తునకు పూర్వము మూడవ, రెండవ శతాబ్దుల కాలమునకు చెందినవని పండితులు వీనిని గూర్చి చెప్పుదురు. ఇందలి బ్రాహ్మీలిపికి కొన్ని ప్రత్యేకతలున్నందున దానికి భట్టిప్రోలు లిపి యనియే పేరు స్థిరపడినది.

లిపి చరిత్రమును పండితులకు వదలి, ఆ శాసనములలోని మనుష్యులను చూతము. కుబిరకుడను రాజు పేరు అందు కలదు. అతడు కూడ నొక గోష్ఠికి ముఖ్యుడుగానే కన్పించును. నిగమమునకు, అనగా వర్తకసంఘమునకు, చెందినవారి పేర్లు వరుసగా కలవు. నందపురమునకు చెందిన స్త్రీల దానమొకటి కలదు. వీనియన్నిటిలోను నా మనస్సున నిలిచినది ఒక పేటికమీది చిన్నవాక్యము. బుద్ధుని శరీరధాతువులను నిక్షేపించుటకై ఆ పేటికను, స్ఫటికపు భరిణెను సమర్పించినవారు నలుగురు: కురుని తండ్రి, కురుని తల్లి, కురుడు, శివుడు. కొడుకుకు పేరు కలదు. తల్లికి పేరు లేదు, తండ్రికిని లేదు. నేటికిని మన పల్లెలలో ఇల్లాలిని బిడ్డపేరుతోనే పిలుతురు గదా! ఆమె కూడ తన వీథిలో అట్లే పిలువబడి, ఆ పిలుపుతోనే రాతికెక్కినది.

ఆ స్ఫటికపు భరిణె సామాన్యమైన పని కాదు. అది పోతపోసిన గాజు కాదు, రాయి. ఇనుపయులి దానిమీద నిలువదు. అంతకంటె కఠినమైన పొడిని చేర్చి, నీటితో తడుపుచు, దినముల తరబడి అరగదీసినగాని లోపల బోలు ఏర్పడదు. చేయి కొంచెము తొందరపడినచో పగులును. అంత శ్రమపడి మెఱుగుపెట్టిన దానిని రాతిపెట్టెలో నుంచి, మూతవేసి, దానిపై వేలకొలది యిటుకలు పేర్చిరి. ఇక దానిని ఏ కన్నును చూడదని చేసినవానికి తెలియును, చేయించినవారికిని తెలియును. మెప్పుకొఱకైనచో ఆ మెఱుగు వ్యర్థము. చూచువాడు లేనిచోట కూడ పని చక్కగా నుండవలెనను బుద్ధియే ఆ భరిణెను నునుపు చేసినది. ఆ పనివాని పేరు మనకు దొరకలేదు. కురుని తల్లికి మిగిలిన పిలుపు కూడ అతనికి మిగులలేదు.

ఇట్టి కట్టడమును మన కాలపువారు ఏమి చేసిరో కూడ చెప్పవలసియున్నది. 1852 మొదలు 1855 వఱకు బెజవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట కట్టిరి. కాలువలు త్రవ్విరి. డెల్టాలో వరి పండినది, కఱవులు తగ్గినవి. ఆ మేలును కాదనువాడు లేడు. కాని కాలువలకు తూములు కావలెను, దారులకు రాయి కావలెను. డెల్టా నేలలో రాయి దొరకదు. భట్టిప్రోలు దిబ్బలో కావలసినంత ఇటుక, చలువరాయి సిద్ధముగా కన్పించెను. అండపు ఇటుకలు రోడ్డుక్రిందికి పోయెను. చలువరాతి పలకలు వెల్లటూరు కాలువతూము కట్టడములో చేరెను. 1870లో బాస్వెల్ దొర ఈ దిబ్బను గూర్చి ప్రభుత్వమునకు వ్రాసెను. కాని అప్పటికే జరుగవలసిన నష్టము చాలవఱకు జరిగిపోయెను. రే వచ్చునాటికి మిగిలినది పీఠము, భూగర్భమున దాగినందున బ్రదికిన పేటికలు మాత్రమే.

దొరలనే నిందించి ఊరకుండుట న్యాయము కాదు. దిబ్బనుండి ఇటుకలు మోసిన బండ్లు మనవి, తోలినవారు మనవారు. వారు దుర్మార్గులు కారు. అది దేనికి పనికివచ్చునని వారు చూచిరి. అది ఎవరి పని యని అడుగలేదు. ఆ యొక్క ప్రశ్న అడుగనందున రెండువేల యేండ్లు నిలిచినది కొలది యేండ్లలో కంకరగా మారెను. భట్టిప్రోలులో లభించిన ధాతువులలో కొంతభాగము తరువాత మహాబోధి సంఘమునకు చేరి, 1920లో కలకత్తా ధర్మరాజిక విహారమున ప్రతిష్ఠింపబడెను. కలకత్తాలో దానికి మ్రొక్కువారికి కురుని తల్లి ఊరు ఎక్కడనో తెలియదు. మన రైలులో పోవువారికి ఆమె దాచిన వస్తువు ఎందుబోయినదో తెలియదు.

రెండవ సాక్ష్యమునకు బాపట్లకు పోవుదము. భావనారాయణస్వామి పేరుమీదనే ఆ పట్టణమునకు ఆ పేరు వచ్చినదందురు. ఆ యాలయమున పండ్రెండవ శతాబ్దికి చెందిన శాసనములు పెక్కు కలవు. అప్పుడు చోళచక్రవర్తులకు సామంతులై వెలనాటిచోడులు చందవోలునుండి ఈ సీమను ఏలుచుండిరి. చందవోలు రేపల్లె, బాపట్లల నడుమనే కలదు. చరిత్రకారులు ఆ శాసనములనుండి రాజుల వంశక్రమమును ఏరుకొందురు. కాని వానిలో హెచ్చుభాగము చెప్పుచున్న సంగతి రాజ్యము కాదు, దీపము. ఫలానావారు స్వామి సన్నిధిని అఖండదీపమునకై దానము చేసిరి: ఇదియే మాటిమాటికి వచ్చు విషయము. దాతలలో స్త్రీలును కలరు.

అఖండదీపము వెలుగుట కొక యేర్పాటు కావలెను. ఆ కాలమున ఆంధ్రదేశమంతటను సాగిన పద్ధతి యిది. దాత గొఱ్ఱెలమందను గాని ఆవులను గాని ఆలయమునకు సమర్పించును. ఆ మందను ఒక కాపరికి అప్పగింతురు. అతడు మందను మేపుకొనుచు, పెంచుకొనుచు, నిత్యము నియమిత పరిమాణము నేయి గుడికి కొలువవలెను. అతని తరువాత అతని సంతతివారు కొలువవలెను. సూర్యచంద్రులున్నంతవఱకు దీపము వెలుగవలెనని దాత కోరును. ఆ కోరికను ఎండలో, వానలో, బీడుభూములలో కఱ్ఱపట్టుకొని నడచువాడు నెరవేర్చును. అతని ఇల్లాలు తెల్లవాఱుజామున పాలు చిలికి, వెన్న కాచి, పొంగు తెలిసి దింపినగాని గర్భగుడిలో వెలుగు లేదు. నేయి మాడినచో దీపము మసిబారును. కనుక ఆలయదీపము రాతిమీద దాతపేర వ్రాయబడినను, దాని వెలుగు ఎవరో ఒక గొల్లయిల్లాలి చేతినేర్పు.

ఈ సంగతిని శాసనము వ్రాసినవారు విడిచినను మన స్త్రీలు విడువలేదు. కార్తికమాసము గడచిన మఱునాడు, పోలిపాడ్యమినాడు, అరటిదొప్పలలో దీపములుంచి కాలువలలో విడుచునప్పుడు చెప్పుకొను కథ మీయింట వినియేయుందురు. అత్త తక్కిన కోడండ్రను వెంటబెట్టుకొని యేటికి పోవును. పోలిని మాత్రము ఇంట విడిచిపోవును. ఆమెకు వత్తి లేదు, నేయి లేదు. చెట్టుక్రింద రాలిన పత్తిని ఏరి వత్తి చేయును. కవ్వమునకు అంటిన వెన్నను తీసి దీపము పెట్టును. అత్త చూచునేమో యని దానిపై బుట్ట బోర్లించును. స్వర్గమునుండి విమానము వచ్చినది ఆ దీపము కొఱకే. ఏటికి పోయినవారి కొఱకు రాలేదు.

ఈ కథను భక్తికథగానే మనము వినుచున్నాము. అది కళను గూర్చిన కథ కూడ. లేనిదానినుండి కావలసినదానిని కల్పించుకొనుటయే గదా సృష్టి! రాలినపత్తి వత్తి కాగలదని, కవ్వపుటంచున దీపమునకు చాలినంత వెన్న యుండునని కనుగొన్న బుద్ధి కవిబుద్ధికి తీసిపోదు. బుట్టక్రింద వెలిగిన ఆ దీపమునకును, ఇటుకలక్రింద మెఱసిన స్ఫటికపు భరిణెకును చుట్టఱికము కలదు. రెండును ఎవరును చూడరని తెలిసి చేసినవే.

ఇక తెనాలి. పదునాఱవ శతాబ్దికి చెందిన తెనాలి రామకృష్ణకవిని లోకము హాస్యకథలచేతనే యెఱుగును. ఆయన పాండురంగమాహాత్మ్యము వ్రాసిన గంభీరకవి యని చదువుకొన్నవారు మాత్రమే యెఱుగుదురు. అది క్షేత్రమహిమను కీర్తించు భక్తికావ్యము. అందలి కథలలో నిగమశర్మ కథ మిక్కిలి ప్రసిద్ధము. మంచి కులమున పుట్టి చెడుదారులు పట్టిన యువకుడతడు. అతని అక్క అత్తవారింటినుండి పుట్టినింటికి వచ్చి, తమ్ముని చేరదీసి, ఆదరించి, అన్నము పెట్టి, మెల్లగా బుద్ధి చెప్పును. అతడు మారినట్లే కన్పించి, ఒక రాత్రి ఇంటిలోని నగలన్నియు మూటగట్టుకొని పాఱిపోవును. తెల్లవాఱిన పిమ్మట ఆమె తన క్రొత్త ముక్కర పోయినదని వగచును.

ఆ ముక్కర కావ్యమున లేకున్నను క్షేత్రమహిమకు లోటు రాదు. కాని కవి దానిని విడువలేదు. తమ్ముడు చెడిపోయెనను పెద్ద దుఃఖములో, మోజుపడి చేయించుకొన్న చిన్ననగ పోయెనను దుఃఖము కూడ ఇమిడియుండునని ఆయనకు తెలియును. ఆమెకు కవి పేరు పెట్టలేదు. ఆమె నిగమశర్మ అక్క, అంతే. అయినను రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు ఆమెను గూర్చియే యొక వ్యాసము వ్రాసిరి. కావ్యమందలి తక్కిన పాత్రలను మఱచినవారు కూడ ఆమెను మఱవరు. అన్నము వడ్డించు తీరు, మాట మెత్తదనము, తమ్ముని దోషమును దాచుకొను తల్లిమనస్సు, ఇట్టివి కావ్యమునకు తగిన వస్తువులని, అవి భగవన్మహిమ చెప్పు గ్రంథమున ఉండదగినవని తెనాలికవి తలచెను. భట్టిప్రోలు రాతిమీద కురుని తల్లి నిలిచినట్లే పద్యములలో ఈమె నిలిచినది.

తెనాలి మఱియొక కళకు పేరుపొందినది. అది నాటకము. బాపట్లలో 1902లో జన్మించిన స్థానం నరసింహారావుగారు 1920లో ఆ యూరనే హరిశ్చంద్ర నాటకమున చంద్రమతి వేషధారి రానిదినమున తాము ఆ వేషము కట్టిరి. తరువాత తెనాలి రామవిలాససభలో స్త్రీపాత్రలు ధరించి దేశమంతట కీర్తి గడించిరి. 1956లో పద్మశ్రీ పొందిరి; 1971లో పరమపదించిరి. ఆయన కట్టిన చీరకట్టు, నడిచిన నడక పాత్రకొకవిధముగా మాఱుచుండెడివి. రాణి నడక వేఱు, దేవదేవి నడక వేఱు, మధురవాణి నడక వేఱు. ఆ భేదములను ఆయన ఏ గ్రంథమునుండి నేర్వగలరు? పైట సవరించుకొనుట, అలిగి మొగము త్రిప్పుట, బిందె చంకనెత్తుకొనుట మొదలగునవి మన వీథులలో మన స్త్రీలు నిత్యము చేయు పనులే. వారు కళయని తలపక చేసినదానిని ఆయన కళగా గ్రహించి రంగస్థలమున వారికి మరల చూపెను. ఆ వేషమును చూచివచ్చి చీరకట్టు నేర్చుకొన్న గృహిణులు ఆ విద్యలో తాము గురువులమని ఎఱుగరు.

ఆయనకు మిక్కిలి పేరు తెచ్చినది శ్రీకృష్ణతులాభారమున సత్యభామ పాత్ర. ఆ కథ మన విషయమునకే చెందినది. కృష్ణుని త్రాసులో నుంచి సత్యభామ తన బంగారమంతయు రెండవ తట్టలో పోయును. తట్ట కదలదు. రుక్మిణి భక్తితో ఒక తులసీదళము నుంచగా త్రాసు తూగును. తులసి మన పెరటిచెట్టు. దానికి వెల లేదు. ప్రతి యుదయమును ఇల్లాలు నీరుపోసి ప్రదక్షిణము చేయు ఆ మొక్క ఆకే భగవంతునికి సరితూగినదని చెప్పు కథను తెనాలి, బాపట్ల ప్రేక్షకులు రాత్రులు మేల్కొని చూచిరి. వస్తువునకు వెల దాని బరువునుబట్టి కాక ఇచ్చిన చేతినిబట్టి యుండునని వారు నాటకశాలలో కూర్చుండి ఒప్పుకొనిరి.

ఇచట నొక యాక్షేపము రావచ్చును. కళను భక్తితో ముడివేసినచో, భక్తి లేనివాని మాట ఏమి? దీనికిని సమాధానము తెనాలిలోనే కలదు. త్రిపురనేని రామస్వామిచౌదరిగారు (1887–1943) తెనాలిలో స్థిరపడి, తమ నివాసమునకు సూతాశ్రమమని పేరిడి, పురాణములను తర్కముతో ప్రశ్నించిరి. సూతపురాణము, శంబుకవధ మున్నగు గ్రంథములు వ్రాసిరి. ఆయన భక్తుల మార్గమున నడువలేదు. అయినను పురాణమును ఖండించుటకు పద్యమునే చేపట్టిరి. అర్థము తెలియని మంత్రములతో పెండ్లి వలదనినను, పెండ్లికి విధియే వలదనలేదు; తెలుగువారికి తెలియు మాటలతో వివాహవిధిని కూర్చిరి. మనుష్యుడు తన జీవితమందలి ముఖ్యసమయములకు ఒక చక్కని రూపము కోరునని ఆయన యెఱుగును. నమ్మకము మాఱవచ్చును. ఆ రూపమును శ్రద్ధతో కల్పింపవలెనను నియమము మాఱలేదు. ఆ శ్రద్ధయే భక్తునికిని సంశయవాదికిని సమానమైన ధనము. దానిని పోగొట్టుకొన్నవానికి గుడి యున్నను ఒకటే, లేకున్నను ఒకటే.

మనము నేడు దేనిని పోగొట్టుకొనుచున్నామో ఆలోచింపవలెను. భట్టిప్రోలు స్తూపశేషము కేంద్ర పురావస్తుశాఖ రక్షణలో నున్నది. దానిని ఇప్పుడెవరును రోడ్డుకు త్రవ్వరు. కాని ఊరూర పాతగుడుల స్తంభములకు రంగులు పూయుచున్నాము. శాసనములమీద సున్నము వేయుచున్నాము. పాతమెట్లు పెల్లగించి నున్నని పలకలు పఱచుచున్నాము. ఇది భక్తితోనే చేయుచున్నాము. బండ్లతో ఇటుకలు తోలినవారివలె మనమును దుర్మార్గులము కాము. ఆ సున్నముక్రింద ఎవరి తల్లి పేరున్నదో అడుగుటలేదు, అంతే.

రాతిమీది పేర్లను కాపాడుట ప్రభుత్వమువలనను పండితులవలనను కొంత కాగలదు. ఇంటిలోని కళను కాపాడుట ఇంటివారివలననే కావలెను. ధనుర్మాసమున కల్లాపిచల్లిన వాకిట చుక్కలు పెట్టి, చూపుతోనే లెక్క సరిచూచుకొని, గీత తెగకుండ ముగ్గు కలుపు చేతిని మీరు ప్రతిదినమును చూచుచున్నారు. ప్రొద్దెక్కునప్పటికి దానిని కాళ్లు త్రొక్కును, బియ్యపుపిండిని చీమలు మోసికొనిపోవును. మఱునాడు ఆమె మరల వేయును. నిలువదని తెలిసియే వేయును. ఆ ముగ్గులో ఈ మెలిక ఎవరివద్ద నేర్చితివని ఎప్పుడైన అడిగితిరా? అడిగినచో ఆమె తన తల్లి పేరు చెప్పును. ఆ తల్లి తనకు నేర్పినదాని పేరు చెప్పియుండును. ఆ పేర్లను ఒక పుస్తకములో వ్రాసి యుంచుడు. ఈ సీమలో రెండువేల యేండ్లకు పూర్వము ఒక కుటుంబమువారు పెట్టె చేయించి, తల్లిని మఱవక రాతిమీద చెక్కించిరి. ఆమె పేరు వ్రాయలేదను లోటును మనము మన యిండ్లలోనైన తీర్చుకొనవచ్చును.